ప్లస్ 1.9 చూపించిన డ్రా: రాజు–బంటు ముగింపుల్లో నా చెస్ ప్రోగ్రామ్‌ను సరిచేసిన వైనం

మిర్యాలగూడలో పగలంతా రైస్ మిల్లుల కాంటా లెక్కల సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా పని. లోడు లారీ కాంటా ఎక్కుతుంది, అంకె పడుతుంది, ఆ అంకె మీదే డబ్బులు. కాంటా తప్పు చూపితే ఎదుట నిలబడ్డ రైతు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు. అంకెదే మాట. ఇది రోజూ చూస్తూ కూడా, రాత్రుళ్లు నేను రాసుకుంటున్న చెస్ ప్రోగ్రామ్ అలాంటి తప్పుడు కాంటాగా తయారై ఒక పన్నెండేళ్ల పిల్ల మీద నింద వేసిందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ తప్పు ఎక్కడుందో, ఎలా దొరికిందో, ఎలా సరిచేశానో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. చెస్ ప్రోగ్రామ్ రాసేవాళ్లకూ, పిల్లలకు ఆట నేర్పేవాళ్లకూ పనికొస్తుందని నా నమ్మకం.

మా ఊళ్లో ఆదివారాలు పిల్లలకు చెస్ నేర్పే మిత్రుడు ఒకాయన ఉన్నాడు. పిల్లలు టోర్నమెంట్లలో ఆడి వచ్చాక వాళ్ల ఆటలు నా ప్రోగ్రామ్‌లో వేసి, ప్రతి ఎత్తు పక్కనా అంకె, దాని కింద ఒక తెలుగు వాక్యం పడేలా షీటు ప్రింట్ తీసి ఇస్తాడు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ ఉచితంగానే దొరుకుతుంది కదా అని మీరు అడగొచ్చు. దొరుకుతుంది, నా ప్రోగ్రామ్ కన్నా ఎన్నో రెట్లు బలమైనది కూడా. కానీ అది అంకె ఇస్తుంది, తెలుగులో మాట చెప్పదు. హాలియా నుంచో దేవరకొండ నుంచో వచ్చే పిల్లకు ‘ఇక్కడ గెలుపు చేజారింది’ అని సొంత భాషలో కనిపిస్తేనే మనసుకు ఎక్కుతుంది. ఆ వాక్యం తప్పైతే అంతే గట్టిగా గుచ్చుకుంటుందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆట

టోర్నమెంట్ మహబూబ్‌నగర్‌లో. హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పిల్లల్ని పొద్దున్నే బస్సులో తీసుకెళ్లారు. ఆ అమ్మాయి చివరి రౌండులో తెల్ల పావులతో ఆడింది. ఏనుగులు మారిపోయాక బోర్డు మీద నాలుగే మిగిలాయి. (గడి పేరులో ముందున్న అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస, తెల్ల వైపు నుంచి లెక్క.) తెల్ల రాజు డి5లో, తెల్ల బంటు ఈ4లో. నల్ల రాజు ఎఫ్6లో, నల్ల బంటు ఈ5లో. ఎత్తు తెల్లది. బోర్డు మీద పెట్టుకుని చదివితే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అమ్మాయి రాజును డి6కు జరిపింది. ఇప్పుడు నల్ల రాజు కదలక తప్పదు, కదిలితే ఈ5 బంటును కాపాడలేదు. ఎదుటి అబ్బాయి రాజును ఎఫ్7కు తీశాడు. అమ్మాయి ఈ5లో బంటును కొట్టింది. అబ్బాయి రాజును ఈ7కు తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. ఆ తర్వాత చాలాసేపు ఆడి డ్రా చేసుకున్నారు. ఒక బంటు ఎక్కువ ఉండి కూడా అర పాయింటే.

నా ప్రోగ్రామ్ షీటులో బంటు కొట్టిన దగ్గర ప్లస్ 1.9 అని పడింది, అంటే తెల్లకు దాదాపు రెండు బంట్లంత మేలు. అక్కడి నుంచి వరుసగా అదే అంకె. చివర డ్రా అయ్యేసరికి కింద వాక్యం: ‘గెలిచే ఆట డ్రా అయింది.’ కోచ్ ఆ పిల్లను తిట్టలేదు. కానీ క్లాసులో అందరి ముందూ ఆ షీటు చదివాడు. రెండు రోజుల తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసి, "పిల్ల బువ్వ సరిగ్గ తింటలేదు సార్, గెలిచేది పోగొట్టుకున్ననని ఒకటే ఏడుపు" అంది.

తర్వాతి ఆదివారం నేను కూడా క్లాసుకు వెళ్లాను. అమ్మాయి షీటు మడత పెట్టి పట్టుకునే వచ్చింది. నా ముందు విప్పి, "సార్, గెలిచే ఎత్తు ఏదో చూపియ్యండి, నేర్చుకుంట" అంది. మొండితనం కాదు. నిజంగా నేర్చుకుందామనే అడిగింది.

లాప్‌టాప్ తీసి ఆ పొజిషన్ పెట్టి, ప్రోగ్రామ్‌కు తెల్ల పావులిచ్చి, ఆమెను నల్ల వైపు కూర్చోబెట్టాను. ప్రోగ్రామ్ బంటు కొట్టింది, ప్లస్ 1.9 చూపించింది. ఆమె రాజును ఈ7కు తెచ్చింది. ఇక అక్కడి నుంచి ప్రోగ్రామ్ రాజు డి5కు, అక్కడి నుంచి డి4కు, మళ్లీ ఈ5కు, ఎఫ్5కు, ఇలా తిరుగుతూనే ఉంది. అది ఎటు తిరిగితే ఈమె అటు ఎదురు నిలిచింది. అంకె మాత్రం ప్లస్ 1.9 నుంచి కదల్లేదు. బంటు కదలకుండా, పావు చావకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చన్న నియమం దగ్గరపడేసరికి ప్రోగ్రామ్ బంటును ఒక్క గడి తోసింది. మళ్లీ లెక్క మొదటి నుంచి, మళ్లీ అదే తిరుగుడు. ఆఖరుకు బంటు ఈ6కు వచ్చినప్పుడు ఆమె రాజును పక్కకు తియ్యకుండా తిన్నగా ఈ8కు వెనక్కి తీసింది. తెల్ల రాజు డి6, నల్ల రాజు డి8. బంటు ఈ7కు వచ్చి చెక్, నల్ల రాజు ఈ8. ఇప్పుడు తెల్ల రాజు బంటును కాపాడాలంటే ఈ6కు రావాలి, వస్తే నల్లకు కదిలే చోటే లేదు. చెక్ లేకుండానే కదలిక ఆగింది కాబట్టి డ్రా, దీన్నే స్టేల్‌మేట్ అంటారు.

అక్కడ గెలిచే ఎత్తే లేదు. మహబూబ్‌నగర్‌లో ఆమె పోగొట్టుకున్నదీ ఏమీ లేదు. ఆ మాట క్లాసులో అందరి ముందూ చెప్పి, షీటు వెనక్కి తీసుకున్నాను. ఆ రాత్రి కోడ్ తెరిచాను.

ప్లస్ 1.9 ఎక్కడి నుంచి వచ్చింది

చెస్ ప్రోగ్రామ్ చేసేది రెండు పనులు. కొన్ని ఎత్తుల ముందు దాకా కొమ్మలు కొమ్మలుగా వెతకడం ఒకటి. వెతుకులాట ఆగిన చోట బోర్డును చూసి ఒక అంకె వెయ్యడం రెండోది. నా ప్రోగ్రామ్‌లో ఆ అంకె ఇలా వచ్చేది: బంటుకు 1 పాయింటు, ఎదురు బంట్లు అడ్డులేని బంటు కాబట్టి అదనంగా కొంత, రాజు మధ్యలో ఉన్నందుకు ఇంకొంత. మొత్తం 1.9. అందులో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. బంటు ఎక్కువ ఉన్న మాట నిజమే, అడ్డు లేని మాటా నిజమే. కానీ ఆ ముగింపులో ఫలితాన్ని తేల్చేది అవేవీ కావు.

తేల్చేది ఆపోజిషన్. పొలం గట్టు మీద ఇద్దరు ఎదురుపడ్డారనుకోండి, మధ్యలో ఒక్క అడుగు ఎడం. కదలాల్సిన వంతు ఎవరిదో వాళ్లే దిగి దారివ్వాలి. రాజులు కూడా అంతే: ఒకే వరుసలో ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎత్తు ఎవరిదైతే వాళ్లకు నష్టం. తెల్ల రాజు ఈ5, బంటు ఈ4, నల్ల రాజు ఈ7. ఎత్తు నల్లదైతే తెల్ల గెలుపు. ఎత్తు తెల్లదైతే డ్రా. పావులు అవే, గడులు అవే, మారింది వంతు ఒక్కటే. నా ప్రోగ్రామ్ రెండింటికీ దాదాపు ఒకే అంకె వేసేది.

ఇంకోలా చెప్తే, ఈ4 బంటుకు మూడు కీలక గడులున్నాయి: డి6, ఈ6, ఎఫ్6. వీటిలో ఏ ఒక్కదాని మీదికి తెల్ల రాజు చేరినా, ఎత్తు ఎవరిదైనా సరే, గెలుపే. నల్ల రాజు పనల్లా అక్కడికి రానివ్వకపోవడం. ఈ5లో బంటు కొట్టిన రాజుకు ఆ మూడు గడులూ ముక్కు ముందరే ఉన్నాయి, కానీ ఈ7లో నిలిచిన నల్ల రాజు మూడింటినీ కాస్తున్నాడు.

మరి వెతుకులాటలో అయినా ఇది కనిపించాలి కదా అంటే, కనిపించదు. ప్రోగ్రామ్ ఇరవై అర ఎత్తుల దాకా చూస్తుందనుకుందాం (ఒకరు కదిపితే అర ఎత్తు, ఇద్దరూ కదిపితే ఒక ఎత్తు). ఆ ఇరవైలో రాజును అటూ ఇటూ తిప్పుతూ బంటును పదిలంగా ఉంచుకుంటే కొమ్మ చివర మళ్లీ అదే ప్లస్ 1.9. 50 ఎత్తుల నియమం ఎదురవ్వాలంటే వంద అర ఎత్తులు చూడాలి. కళ్ల ముందున్న డ్రాను అది ప్రతిసారీ చూపు ఆనని దూరానికి నెట్టేస్తోంది. క్లాసులో మేమంతా చూసిన తిరుగుడుకు అసలు కారణం ఇదే.

ఇరవై నాలుగు కిలోబైట్ల పట్టిక

రాజు, బంటు ఒకవైపు, ఒంటరి రాజు మరోవైపు. ఈ మూడు పావుల ముగింపుకు అంచనాలతో పనే లేదు, మొత్తం లెక్క కట్టేయొచ్చు. బంటు ఉండగలిగే గడులు 48. ఎడమ సగం కుడి సగానికి అద్దం కాబట్టి ఎ నుంచి డి దాకా నాలుగు నిలువు వరుసలు చాలు, అంటే 24. తెల్ల రాజుకు 64, నల్ల రాజుకు 64, వంతుకు 2. గుణిస్తే 1,96,608 పొజిషన్లు. ఒక్కోదానికి గెలుపా డ్రానా అని ఒకే బిట్ చాలు. ఎనిమిదితో భాగిస్తే 24,576 బైట్లు, అంటే సరిగ్గా 24 కిలోబైట్లు. మన ఫోన్లో ఒక చిన్న ఫొటో కన్నా తక్కువ.

కట్టే పద్ధతి చివరి నుంచి వెనక్కి. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1980లలో ఐదు పావుల ముగింపుల పట్టికలు కట్టిందీ ఈ దారిలోనే. ముందుగా అసాధ్యమైన పొజిషన్లు కొట్టేయాలి: రాజులు పక్కపక్కనే ఉన్నవి, రెండు పావులు ఒకే గడిలో ఉన్నవి, తెల్ల వంతు అయి ఉండగా నల్ల రాజు అప్పటికే బంటు చెక్‌లో ఉన్నవి. తర్వాత వెంటనే తేలిపోయేవి గుర్తించాలి. బంటు ఏడో వరుసలో ఉండి, భద్రంగా మంత్రి అవ్వగలిగితే గెలుపు. నల్ల వంతులో కదిలే చోటు లేక, చెక్ కూడా లేకపోతే డ్రా. నల్ల రాజు కాపలా లేని బంటును కొట్టగలిగితే డ్రా.

మిగిలినవాటికి ఒకటే సూత్రం. తెల్ల వంతులో ఒక్క ఎత్తైనా గెలుపు పొజిషన్‌కు పోతే అది గెలుపు, అన్నీ డ్రాకే పోతే డ్రా. నల్ల వంతులో ఒక్క ఎత్తైనా డ్రాకు పోతే డ్రా, అన్నీ గెలుపుకే పోతే గెలుపు. మొత్తం పట్టికను పైనుంచి కిందికి మళ్లీ మళ్లీ తిప్పాలి. ఒక దఫాలో కొత్తగా ఏదీ తేలకపోతే ఆపేయాలి. అప్పటికీ తేలనివన్నీ డ్రా. మామూలు లాప్‌టాప్ మీద రెప్పపాటు పని.

కట్టాను, ప్రోగ్రామ్‌కు తగిలించాను. అమ్మాయి పొజిషన్ పెట్టాను. మళ్లీ గెలుపే చూపించింది.

ఇక్కడే నాకు రెండు రాత్రులు పోయాయి. పట్టిక తప్పా, పట్టికను అడిగే కోడ్ తప్పా? అదే పొజిషన్‌ను ఒక వరుస ఎడమకు జరిపి చూశాను: తెల్ల రాజు డి5, బంటు డి4, నల్ల రాజు డి7, తెల్ల వంతు. డ్రా అంది. ‘ఈ’ వరుసకు మళ్లీ వచ్చాను, గెలుపు అంది. ‘డి’ వరుస సరైనది, ‘ఈ’ వరుస తప్పు. అంటే పట్టిక బాగానే ఉంది, అద్దంలో తిప్పే దగ్గర ఏదో అయింది. వెళ్లి చూస్తే బంటును తిప్పాను, తెల్ల రాజును తిప్పాను, నల్ల రాజును తిప్పడం మరిచాను. ఈ4 బంటు డి4 అయింది, ఈ5 రాజు డి5 అయ్యాడు, నల్ల రాజు మాత్రం ఈ7లోనే ఉండిపోయాడు. ఆ పొజిషన్‌లో తెల్ల రాజు సి6కు అడుగు వెయ్యొచ్చు, అది డి4 బంటుకు కీలక గడి. కాబట్టి గెలుపు అనడం న్యాయమే. పట్టిక సరిగ్గానే జవాబిచ్చింది, నేను అడిగిందే వేరే పొజిషన్ గురించి.

ఒక్క లైను దిద్దితే పోయింది. కానీ నమ్మకం కుదరలేదు. సాధ్యమైన ప్రతి పొజిషన్‌నూ తీసుకుని, అద్దంలో తిప్పి అడిగినా అదే జవాబు రావాలని ఒక పరీక్ష రాశాను. బంటు నల్లదైతే పై వరుసలు కిందికి, రంగులు తారుమారు, వంతు కూడా తారుమారు. దానికీ ఇంకో పరీక్ష. ఇలాంటి పట్టిక ఎవరు కట్టుకున్నా ఈ రెండు పరీక్షలూ తప్పకుండా రాయండి. పట్టిక లేని ప్రోగ్రామ్ అనుమానంగా తప్పు చెప్తుంది. తప్పుగా తగిలించిన పట్టిక ఉన్న ప్రోగ్రామ్ ఘంటాపథంగా తప్పు చెప్తుంది.

ఇప్పుడు అంకె ప్లస్ 1.9 నుంచి సున్నాకు పడింది. దానికన్నా నాకు సంతోషం కలిగించింది మరొకటి. తెల్ల రాజు డి6కు వచ్చాక నల్ల రాజుకు ఉన్నవి నాలుగే ఎత్తులు: ఎఫ్7, జి7, జి6, జి5. ప్రోగ్రామ్ మూడింటికి ‘ఓటమి’ అని, ఎఫ్7కు మాత్రం ‘డ్రా’ అని చూపించింది. ఉదాహరణకు జి6కు పోతే, తెల్ల రాజు బంటును కొట్టాక నల్ల రాజు ఎఫ్7కు చేరగానే తెల్ల రాజు డి6 ఎక్కేస్తాడు. మహబూబ్‌నగర్‌లో ఆ అబ్బాయి నాలుగింట్లో ఉన్న ఒకే ఒక్క ఎత్తును పట్టుకున్నాడు. నా పాత షీటు అతని ఎత్తు పక్కన ఏమీ రాయలేదు.

వంతు వదిలేసే అలవాటు

పట్టికతో పని అయిపోయిందనుకున్నాను. అయితే బంట్లు అవే ఉంచి నల్ల రాజును ఎఫ్6కు బదులు ఎఫ్4లో పెట్టి చూడండి. తెల్ల రాజు డి5, బంటు ఈ4. నల్ల రాజు ఎఫ్4, బంటు ఈ5. ఎత్తు ఎవరిదైతే వాళ్లు ఓడిపోతారు. ఇద్దరి రాజులూ సొంత బంటును కాస్తూ, ఎదుటి బంటును గురిపెట్టి ఉన్నారు. కదిలినవాడి బంటు పోతుంది, దాంతో ఆటా పోతుంది. కదలాల్సి రావడమే శిక్ష అయ్యే ఇలాంటి స్థితిని జుగ్‌జ్వాంగ్ అంటారు. మిగతా ఆటలో ఇది అరుదు. రాజు–బంటు ముగింపుల్లో అడుగడుగునా ఉంటుంది.

నా ప్రోగ్రామ్ ఈ పొజిషన్‌లో తెల్ల వంతు ఉండగా, వెతికే కొమ్మల్లో, తెల్లకు బాగుందని తేల్చేసేది. కారణం నల్ మూవ్ అనే కిటుకు. 1990ల నుంచి దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఉంటుంది. ‘నా వంతు వదిలేసి ఎదుటివాడికి వరుసగా రెండెత్తులు ఇచ్చినా నాకు బాగానే ఉంటే, నిజంగా ఆడితే ఇంకా బాగుంటుంది కదా, ఈ కొమ్మను ఇక వెతకనక్కర్లేదు’ అన్నది దాని లెక్క. మామూలు మధ్య ఆటలో ఇది సరైన లెక్కే, బోలెడు సమయం మిగులుతుంది. కానీ పై పొజిషన్‌లో తెల్ల వంతు వదిలేస్తే నల్ల చిక్కుకుంటాడు. వంతు వదలడమే అక్కడ అన్నిటికన్నా గొప్ప ఎత్తు, చెస్‌లో దానికి అనుమతి లేదు. ఆటలో లేని ఎత్తును ఆడి గెలిచానని ప్రోగ్రామ్ కొమ్మను నరికేసేది.

సవరణ ఒక్క షరతు: కదిలే వైపు రాజు, బంట్లు తప్ప ఇంకో పావు ఏదీ లేకపోతే నల్ మూవ్ వాడొద్దు. వేగం తగ్గుతుందేమోనని కంగారు పడ్డాను. ఈ ముగింపుల్లో ఉండేవే ఏడెనిమిది ఎత్తులు, తేడా తెలియనే లేదు.

ఎనిమిది వేల పొజిషన్లు

తర్వాత పాత పేరున్న పరీక్ష ఒకటి పెట్టాను. 1901లో చెస్ ఆటగాళ్లు ఇమాన్యుయేల్ లాస్కర్, గస్టావస్ రైక్‌హెల్మ్ చూపించిన పొజిషన్. 1941లో రూబెన్ ఫైన్ ఎండ్‌గేమ్ పుస్తకంలో 70వది కావడంతో కంప్యూటర్ చెస్ వాళ్లు ‘ఫైన్ 70’ అంటారు. తెల్ల రాజు ఎ1. బంట్లు ఎ4, డి4, డి5, ఎఫ్4. నల్ల రాజు ఎ7. బంట్లు ఎ5, డి6, ఎఫ్5. తెల్ల వంతు. గెలిపించే ఎత్తు రాజును బి1కు జరపడం. చూడ్డానికి దేనికీ కొరగానట్టు ఉంటుంది. ముందుకు బి2కు పోతే నల్ల రాజు ఎ8కు జరిగి నిలబెట్టుకుంటాడు.

నా ప్రోగ్రామ్ పది నిమిషాలైనా బి2 అనే అంది. చూస్తే రెండు తప్పులు ఒకదానికొకటి తోడయ్యాయి. రాజు మధ్యకు పోతే పాయింట్లిచ్చే పట్టిక వల్ల బి1 ఎప్పుడూ వరుసలో చివర నిలబడేది, చివరి ఎత్తులను తక్కువ లోతుకే వెతికే మరో కిటుకు దాన్ని పైపైన చూసి వదిలేసేది. రాజు–బంటు ముగింపుల్లో ఆ కిటుకు కూడా ఆపేశాను.

రెండోది జ్ఞాపకం. ఈ పొజిషన్‌లో ఒక విషయం చూడండి: ఎ4ను ఎ5 ఆపింది, డి5ను డి6, డి4ను సొంత డి5, ఎఫ్4ను ఎఫ్5. కొట్టుకునే బంట్లు లేవు. ఏదో ఒక రాజు ఒక బంటును కొట్టేదాకా బోర్డు మీద కదిలేవి రెండు రాజులే. 64ను 64తో, దాన్ని వంతుల కోసం 2తో గుణిస్తే 8,192. అంతకు మించి పొజిషన్లు ఉండే అవకాశమే లేదు. దారులు కోట్లకొద్దీ, చేరే చోట్లు మాత్రం ఎనిమిది వేలలోపు. ఒకసారి చూసిన పొజిషన్‌ను హ్యాష్ టేబుల్‌లో దాచుకుని, మళ్లీ వస్తే వెతక్కుండా తీసుకుంటే చాలు. నా హ్యాష్ టేబుల్ పాత లాప్‌టాప్‌కు సరిపోవాలని చాలా చిన్నగా పెట్టాను. పైగా కొత్తది రాగానే పాతదాన్ని, అదెంత లోతుగా వెతికినదైనా సరే, తుడిచేసేది. సైజు పెంచి, లోతుగా వెతికినదాన్ని నిలబెట్టేలా మార్చాను. బి1 కొన్ని సెకన్లలోనే వచ్చింది. కాగితం మీద 8,192 అని గుణించుకునేదాకా ఇంత చిన్న లోకంలో తిరుగుతున్నానని నాకు తెలియలేదు.

ఒక తిరకాసు మిగిలింది. మూడుసార్లు అదే పొజిషన్ వస్తే డ్రా అన్నది వచ్చిన దారిని బట్టి ఉంటుంది, హ్యాష్ టేబుల్‌కు దారి తెలియదు. ఒక దారిలో తిరిగి తిరిగి వచ్చిన సున్నాను దాచుకుని, వేరే దారిలో గెలుపు పొజిషన్‌కు అంటగట్టేది. పునరావృతం వల్ల నేరుగా వచ్చిన సున్నాలను దాచకుండా చేశాను. పూర్తి మందు కాదు గానీ, రోజువారీ వాడకంలో నెప్పి తగ్గింది.

చెస్ ఆటగాడు రెటి 1921లో కూర్చిన చిన్న పజిల్ కూడా ఇదే వారం నాకొకటి చూపించింది. తెల్ల రాజు హెచ్8, బంటు సి6. నల్ల రాజు ఎ6, బంటు హెచ్5. తెల్ల వంతు, డ్రా. నల్ల బంటును తెల్ల రాజు ఎన్నటికీ అందుకోలేడని చతురస్ర నియమం చెప్తుంది (బంటు నుంచి చివరి వరుస దాకా గీసిన చతురస్రంలోకి రాజు అడుగు పెట్టగలిగితేనే దాన్ని అందుకుంటాడని ఆ నియమం). నా కోడ్‌లో ఆ నియమానికి పెద్ద పాయింట్లు పెట్టాను. నిజానికి రాజు జి7, ఎఫ్6, ఈ5 అని ఐమూలగా నడిస్తే ఒకే అడుగులో నల్ల బంటును తరుముతూనే సొంత బంటుకు తోడు పోతాడు. రెండు వైపులా బంట్లు పరిగెత్తే చోట ఆ పాయింట్లు తీసేశాను.

సరిచూసుకోవడం

నా ప్రోగ్రామ్‌ను నా ప్రోగ్రామ్‌తోనే పరీక్షించుకుంటే లాభం లేదు. రోనాల్డ్ డి మాన్ 2013లో విడుదల చేసిన సిజిజీ టేబుల్‌బేస్‌లను, అంటే ముందే లెక్క కట్టేసిన ముగింపుల పట్టికలను, న్యాయమూర్తిగా పెట్టుకున్నాను. ఐదు పావుల దాకా మొత్తం 1 జీబీ లోపే. ఆరు పావులవి సుమారు 150 జీబీ, మా క్లాసు లాప్‌టాప్‌కు ఎక్కవు. ఏడు పావులవి 2018లో పూర్తయ్యాయి, వాటికి టెరాబైట్లే కావాలి. రాజులు, బంట్లు మాత్రమే ఉన్న పొజిషన్లు ఐదు పావుల లోపు ఇష్టమొచ్చినట్టు పుట్టించి, నా ప్రోగ్రామ్ జవాబునూ సిజిజీ జవాబునూ రాత్రంతా పోల్చేలా పెట్టాను. తేడా వచ్చినవాటిలో ఎక్కువగా కనిపించింది ఎ, హెచ్ వరుసల బంట్లు. ఆ అంచు బంట్లతో ఒంటరి రాజు మూలకు చేరితే చాలు డ్రా. మూడు పావులైతే పట్టిక చూసుకుంటుంది. అంచు బంట్లు రెండు ఒకే వరుసలో ఉన్నప్పుడు నా పాత పాయింట్లు ఇంకా ప్లస్ అంటున్నాయి. దానికి వేరే నియమం రాశాను.

అన్నిటికన్నా పెద్ద మార్పు షీటులో వాక్యాలది. పట్టికల నుంచి వచ్చిన ఫలితమైతేనే ఇప్పుడు ‘గెలుపు’, ‘డ్రా’, ‘ఓటమి’ అనే మాటలు పడతాయి. వెతుకులాట అంచనా మాత్రమే అయితే ‘తెల్లకు మేలుగా ఉంది’ అని పడుతుంది, అంతకు మించి ఒక్క మాట పడదు. ‘గెలుపు చేజారింది’ అనే వాక్యం రావాలంటే ముందు గెలుపు ఉందని, తర్వాత లేదని పట్టిక రెండుసార్లు సాక్ష్యం చెప్పాలి. పిల్లల్ని తప్పు పట్టే మాటకు అంత రుజువు ఉండాల్సిందే.

కొత్త షీటు తీసుకుని ఆదివారం వెళ్లాను. ఆ ఆట చివరి భాగంలో అమ్మాయి ఎత్తుల పక్కన ‘డ్రా, సరైనదే’ అని వరుసగా పడింది. అబ్బాయి ఎఫ్7 పక్కన ‘ఇదొక్కటే నిలబెట్టే ఎత్తు’ అని. కోచ్ దాన్ని కూడా క్లాసులో అందరి ముందూ చదివాడు. అమ్మాయి షీటు మొత్తం మెల్లగా చదివి, కాసేపు బోర్డు వైపు చూసి, నాలుగు పావులనూ ఒక్కో గడి ముందుకు జరిపింది. తెల్ల రాజు డి6, బంటు ఈ5. నల్ల రాజు ఎఫ్7, బంటు ఈ6.

"ఇట్లుంటే సార్?" అంది.

ప్రోగ్రామ్‌కు నల్ల పావులిచ్చాను. ఆమె రాజు డి7. నల్ల రాజు ఎఫ్8. ఆమె ఈ6లో బంటు కొట్టింది. నల్ల రాజు ఈ8కు వచ్చి, అచ్చం ఆ రోజు అబ్బాయిలాగే ఎదురు నిలబడ్డాడు. వంతు ఆమెదే, ఆపోజిషన్ నల్లదే. ఆమె కొంచెంసేపు ఆగి, రాజును డి6కు పక్కకు జరిపింది. నల్ల రాజు డి8. బంటు ఈ6. నల్ల రాజు ఈ8. బంటు ఈ7. ఇప్పుడు నల్ల రాజుకు ఎఫ్7 తప్ప చోటు లేదు, ఆమె రాజును డి7కు జరిపి చెయ్యి తీసింది. తెర మీద ‘తెల్ల గెలుపు’ అని పడింది.